షెడ్డులో గుంత మీది. అందులోకి దిగేది ఎవరి పిల్లగాడు?

పోస్టు పొడుగే, కొంచెం కోపం కూడా ఉంటది. చివరిదాకా చదివి, తర్వాత తిట్టాలంటే తిట్టండి.

ఇప్పుడు ఏ ఊరికి పోయినా ఇంటి పక్క షెడ్డులో ఒక గుంత కనబడుతోంది. ఐదడుగుల లోతు, మూడడుగుల వెడల్పు, పైన రెండు చెక్కలు. కూరగాయలు మార్కెట్‌కు తోలడానికి బొలెరోనో, టాటా ఏసో కొన్నాం. ఆయిల్ మార్చడానికి టౌన్‌కు పోతే ఒక రోజు పని ఖరాబు, పైగా వేలల్లో బిల్లు. అందుకని గుంత తవ్వాం. తర్వాత బావమరిది కారు వచ్చింది, పక్కూరి డీసీఎం వచ్చింది. బండికి 200, 300 తీసుకుంటున్నాం. ఇప్పుడది షెడ్డు కాదు, బోర్డు లేని గ్యారేజీ.

సొంత బండి సొంతంగా బాగు చేసుకోవడాన్ని నేను తప్పు పట్టను. రైతు సగం మెకానిక్ కాకపోతే వ్యవసాయం సాగదు. నేను అడిగేది ఒక్కటే. గుంత తవ్వేటప్పుడు ఇటుకల లెక్క, సిమెంటు లెక్క వేశారు. అందులోకి దిగే మనిషి లెక్క ఎవరు వేశారు?

"ట్రాక్టర్ కోసం తవ్వినం అన్నా" అంటారు. ట్రాక్టర్ నేలకు ఎంత ఎత్తులో ఉంటదో మీకు తెలియదా? ఇంజన్ ఆయిల్ నట్టు నేల మీద కూర్చుని విప్పుతాం. ట్రాక్టర్‌కు గుంత అక్కర్లేదు. గుంత కావాల్సింది కార్లకు, పికప్‌లకు. అంటే ఈ గుంత వ్యవసాయ అవసరం కంటే పక్క ఆదాయం కోసమే ఎక్కువ నడుస్తోంది. ఆదాయం తీసుకుంటున్నప్పుడు బాధ్యత కూడా తీసుకోవాలి గదా.

ఇప్పుడు ప్రమాదం సంగతి. పాత బావిలోకి దిగాలంటే మన పెద్దలు ఊరికే దిగేవాళ్లు కాదు. ముందు తాడుకు లాంతరు కట్టి దించేవాళ్లు. దీపం ఆరిపోతే మనిషి దిగేది లేదు. బావిలో ఆయిల్ ఇంజన్లు నడిపిన రోజుల్లో పొగకు ఊపిరాడక పోయినవాళ్ల సంగతి, వాళ్లను తీయబోయి పోయినవాళ్ల సంగతి మీ ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. అరవై అడుగుల బావి అంటే అంత భయం ఉన్న మనకు, ఐదడుగుల గుంత అంటే లెక్కే లేదు.

గుంత చేసేదీ అదే పని. పెట్రోల్ ఆవిరి గాలికంటే మూడు, నాలుగు రెట్లు బరువు. ఫిల్టర్ విప్పినప్పుడో, పైపు ఊడినప్పుడో కారిన పెట్రోల్ తాలూకు ఆవిరి పైకి పోదు. నీళ్లలాగా పల్లానికి దిగి గుంతలో కూర్చుంటది. డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదు. పెట్రోల్‌కు ఎండాకాలమూ చలికాలమూ ఒకటే, తెల్లారుజామున కూడా మండే ఆవిరి లేస్తది. ఎల్‌పీజీ కిట్టున్న కారైతే ఆ గ్యాసూ కిందికే దిగుతది. దానికి ఒక్క రవ్వ చాలు. అందుకే బావి దగ్గర చేసిన దీపం పరీక్ష ఇక్కడ చేయకూడదు. బావిలో ప్రాణం కాపాడిన దీపమే గుంతలో ప్రాణం తీస్తది.

ఇక మనం గుంతలోకి దించే వెలుగు చూడండి. హోల్డర్‌కు గుండు బల్బు, అతుకులేసిన వైరు, దానికి చుట్టిన టేపు. వేడి బల్బు మీద చల్లటి చుక్క పడితే గాజు పగులుతది. కింద నూనె, తడి, చుట్టూ సిమెంటు గోడ, చేతిలో ఇనుప స్పానర్. వైరు తెగితే ఎంసీబీ కాపాడుతదని అనుకోవద్దు. ఎంసీబీ వైరును కాపాడుతది. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ. ఎన్ని షెడ్లలో ఉంది? మోటార్ స్టార్టర్‌కు వేలు పెడతాం, దీనికి మాత్రం చేయి రాదు.

పైన ఇంజన్ ఆన్‌లో పెట్టి "శబ్దం ఎక్కడొస్తుందో కింద నుంచి చూడురా" అనే అలవాటు ఇంకొకటి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తల తిరుగుతోందని తెలిసేసరికి కాళ్లలో సత్తువ ఉండదు, మెట్టు ఎక్కలేడు.

నల్లరేగడి నేలలో తవ్వినవాళ్లు ఇంకో సంగతి వినండి. ఆ మట్టి వానకు ఉబ్బుతది, ఎండకు పగులుతది. గోడ మీద ప్రతి ఏడూ ఆ ఒత్తిడి పడుతనే ఉంటది. అంచు మీద టన్నున్నర బండి నిలబెట్టి, ఒంటి ఇటుక గోడను నమ్ముకుని కింద మనిషిని పెడుతున్నాం.

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. ఆ మనిషి ఎవరు? మీరు దిగరు. నాకు తెలుసు. మీకు నడుము నొప్పి, పొట్ట అడ్డం. దిగేది సన్నగా ఉన్న పిల్లగాడు. పదో తరగతి ఆపేసి పని నేర్చుకుంటానని వచ్చినవాడు, పదహారేళ్లవాడు. లేదంటే మన దగ్గర జీతం ఉండే పనివాడు.

"ఇన్సూరెన్స్ ఉంది గదా" అంటారా? బీరువా తీసి ఒక్కొక్క కాగితం చూడండి.

బండి థర్డ్ పార్టీ పాలసీ. మోటారు వాహనాల చట్టం 1988లో 146వ సెక్షన్ మాట్లాడేది బహిరంగ ప్రదేశంలో బండి వాడకం గురించి. మీ షెడ్డు బహిరంగ ప్రదేశమా, రిపేరు వాడకమా అనే వాదనతోనే ఏళ్లు గడుస్తయి.

దాంతోపాటు ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా. అది ఓనర్ కమ్ డ్రైవర్‌కు, అంటే బండి ఎవరి పేరున ఉందో, ఎవరికి లైసెన్సు ఉందో ఆయనకే. గుంతలో ఉన్న పిల్లగాడు ఓనరూ కాదు, డ్రైవరూ కాదు.

తెలంగాణలో రైతుబీమా. 2018లో వచ్చింది, 5 లక్షలు, మంచి పథకం. కానీ పట్టా ఉన్న రైతుకు, 18 నుంచి 59 ఏళ్ల లోపు వయసుకు, అదీ చనిపోతేనే. కాలు పోతే లేదు, చూపు పోతే లేదు. భూమి లేని పనివాడికి అసలే లేదు.

ఇంటి బీమా గానీ షెడ్డు బీమా గానీ ఉందా? ఫారంలో ఏం రాశారు? నివాసం అనో, పశువుల కొట్టం అనో రాసి, లోపల పైసలు తీసుకుని బండ్లు బాగు చేస్తే, కాలినరోజు సర్వేయర్ మొదట చూసేది ఆ గుంతనే. ఉన్నది చెప్పకుండా తీసుకున్న పాలసీ కష్టంలో నిలబడదు.

మిగిలింది ప్రధానమంత్రి సురక్షా బీమా. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో పోయినా, రెండు కళ్లో రెండు కాళ్లో పోయినా 2 లక్షలు, ఒక కన్నో ఒక కాలో పోతే లక్ష. కానీ 18 ఏళ్లు నిండాలి. మే నెలాఖరులో ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండాలి. విత్తనాలకని మొత్తం డ్రా చేసేది కూడా సరిగ్గా అప్పుడే. ఇంకోటి, ప్రమాద మరణానికి పోలీసు కాగితం, పోస్టుమార్టం రిపోర్టు అడుగుతారు. "పోయినవాడికి కోతలెందుకు" అని పెద్దమనుషులు రాత్రికి రాత్రే దహనం చేయిస్తే, ఆ చితి మీదే క్లెయిమ్ కూడా కాలిపోతది.

చూశారా? మన బీమాలన్నీ 18 ఏళ్ల దగ్గర, పట్టా దగ్గర, లైసెన్సు దగ్గర మొదలైతయి. గుంతలోకి దిగేవాడి దగ్గర ఈ మూడూ లేవు. అందరికంటే ప్రమాదంలో ఉన్నవాడే అన్ని కాగితాలకూ బయట ఉన్నాడు.

"మావాడే గదా, ఏదైనా అయితే మేం చూసుకుంటం" అంటారు. ఎట్లా చూసుకుంటరు? పంచాయితీ పెట్టి లక్షో రెండు లక్షలో చేతిలో పెట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకోవడమా? పనిలో దెబ్బ తిన్న కార్మికుడికి యజమాని పరిహారం ఇవ్వాలనేది ఈ దేశంలో 1923 నుంచీ చట్టం. అది దయ కాదు, బాకీ. జీతగాడికి ఇచ్చేది మాట కాదు, పాలసీ. పనివాళ్ల పరిహారానికి సాధారణ బీమా కంపెనీల దగ్గర పాలసీలు ఉంటయి. పంటకు పురుగుమందు కొన్నట్టే అదీ ఖర్చులో రాసుకోండి.

"మా కాక ఇరవై ఏండ్ల నుంచి చేస్తుండు, ఏమైంది?" అనేవాళ్లకు ఒకటే మాట. కరెంటు తీగ కింద ఎండుగడ్డి పెట్టి ఇరవై ఏళ్లు కాలలేదంటే అది తెలివి కాదు, అదృష్టం. అదృష్టానికి రెన్యువల్ ఉండదు.

ఏం చేయాలంటే ఇదిగో:

పక్క ఆదాయం లేకపోతే గుంత పూడ్చేయండి. గట్టి ఇనుప ర్యాంపులు, చక్రాలకు అడ్డం దిమ్మలు ఉంటే ఆయిల్ మార్పుకు చాలు. ఒక్క జాకీని నమ్ముకుని మాత్రం కిందికి దూరొద్దు.

ఉంచుకుంటే రెండు వైపులా మెట్లు, అంచుకు ఇనుప యాంగిల్, పని లేనప్పుడు గట్టి మూత. పసిపిల్లలు, దూడలు పడేది మూత లేకనే.

పెట్రోల్ పని, ఎల్‌పీజీ పని గుంత మీద చేయొద్దు. బయట, గాలిలో చేయండి. గుంతలో మనిషి ఉంటే ఇంజన్ ఆఫ్. వెలుగుకు చార్జింగ్ ఎల్‌ఈడీ లైటు, అదీ దిగకముందే బయట వేసుకుని. ఆర్‌సీసీబీ తప్పనిసరి.

ఎవరైనా లోపల పడిపోతే వెంటనే దూకొద్దు. ఇంజన్ ఆపి, 108కి, 101కి ఫోన్ చేసి, పైనుంచే తాడుతో లాగే ప్రయత్నం చేయండి.

పద్దెనిమిది నిండనివాణ్ణి గుంతలోకి దించొద్దు. నిండినవాడికి ఈ వారమే బ్యాంకుకు తీసుకెళ్లి ఆ 20 రూపాయల బీమా రాయించండి. అంతకంటే ముందు ఎవరు దిగుతున్నారో, వాళ్ల పేరున ఏ కాగితం ఉందో ఒక నోటుబుక్కులో రాయండి. ఆ పేరు ఎదురుగా గీత తప్ప ఏమీ లేకపోతే, రేపు పొద్దున వచ్చే బండిని వెనక్కి పంపండి.

మీ షెడ్డులో గుంత ఉంటే కింద కామెంటులో నిజం రాయండి: దిగేది ఎవరు, బీమా ఉన్నది ఎవరికి? వాదించేవాళ్లు కూడా రండి. కాకపోతే ముందు బీరువా తెరిచి చూసి రండి.