ఆకులకు గోధుమరంగు వేస్తే అశ్రద్ధేనా?

మహబూబాబాద్ సమీపంలోని ఒక ఊరి బడికి పిల్లల ఆరోగ్య పరీక్షలకై వెళ్లినప్పటి సంగతి. నాలుగో తరగతి బాలుని బొమ్మల పుస్తకం నా చేతికి వచ్చింది. అందులో ఒక మామిడిచెట్టు, దాని కింద కట్టేసిన మేక. గీత ఎంతో పొందికగా ఉంది. ఆకులు మాత్రం గోధుమరంగులో ఉన్నాయి. పక్కన ఎర్రసిరాతో ‘శ్రద్ధ లేదు’ అని రాసి, అన్నిటికన్న తక్కువ గ్రేడు వేశారు.

ఇషిహారా పటాలు చూపితే ఆ బాలుడు చుక్కల మధ్యనున్న అంకెలను చదవలేకపోయాడు. అది ఎరుపు, ఆకుపచ్చ రంగులను వేరుచేసి గుర్తించలేని వర్ణాంధత. తల్లిని పిలిపించి అడిగితే, తన తండ్రి కూడా మిరపతోటలో పండుకాయను ఆకుల్లో పోల్చుకోలేకపోయేవాడని చెప్పింది. ఈ లోపానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉంటుంది. అందుకే తాత నుండి తల్లి ద్వారా మనవనికి వస్తుంది; ఆడపిల్లల్లో అరుదు.

పుట్టుకతో వచ్చే ఈ లోపాన్ని నయంచేసే మందు లేదు. అయినా ముందుగా తెలియడం అవసరం. కాజీపేట–విజయవాడ రైలుమార్గంపై ఉన్న మానుకోట, డోర్నకల్ పిల్లలు రైలు నడపాలని కలగనడం సహజమే కదా! ఆ ఉద్యోగానికి రంగుల గుర్తింపు తప్పనిసరి. ఏళ్ల తరబడి చదివి, చివరి వైద్యపరీక్షలో ఆ మాట వినడం ఎంత బాధాకరమో ఆలోచించండి.

ఉపాధ్యాయులను నిందించడం నా ఉద్దేశం కాదు. చిత్రలేఖన ఉపాధ్యాయుడే లేని బడులు అనేకం. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని కోరింది. బిడ్డ భయాందోళనలు లేకుండా చదువుకోవాలని కూడా అక్కడే చెప్పింది. మనం మొదటిదాన్ని రిజిస్టరులో నింపవలసిన గడిగా మార్చి, రెండవదాన్ని మరిచాము.

నా అభిప్రాయం ఒక్కటే: బొమ్మను పక్కవాని బొమ్మతోనో, బోర్డుమీది నమూనాతోనో పోల్చి గ్రేడు వేయరాదు. ఆ బిడ్డే ఆరునెలల క్రితం గీసినదానితో పోల్చాలి. మూడేళ్లకు వృత్తం, నాలుగేళ్లకు కూడిక గుర్తు, అయిదేళ్లు దాటాక త్రిభుజం చూసి గీయగలగడం సాధారణం. కొంత వెనుకాముందు ఉండవచ్చు. చిన్నపిల్లలు కంటికి కనిపించేదానికన్న తమకు తెలిసినదాన్ని గీస్తారు. గోడలోంచి ఇంట్లోని అమ్మ కనిపిస్తే అది తప్పు కాదు, వయసు లక్షణం. పెంబర్తి ఇత్తడి పనివారి ఇంటి బిడ్డ కాగితమంతా లతలతో నింపినా, తండాపిల్ల అద్దాల కుట్టును గీసినా ‘పాఠంలో లేదు’ అనడం నాకు అర్థం కాదు.

అలాగని బొమ్మ చూసి రోగనిర్ణయం చేయడమూ అంతే పొరపాటు. నల్లరంగు వాడితే మనసు బాగాలేదని కొందరు చెబుతుంటారు. భూపాలపల్లి సింగరేణి కార్మికుని బిడ్డ నల్లని గుట్ట గీస్తే, అది వాడు రోజూ చూసే బొగ్గు కావచ్చు. ముందు ‘ఇదేమిటి నాయనా?’ అని అడగండి. ఆ జవాబును తేదీతో సహా బొమ్మ వెనుక రాసి దాచండి. అది గ్రేడుకన్న ఎక్కువ చెబుతుంది.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం మీ బడికి వచ్చినప్పుడు, రంగులు పదేపదే తారుమారు చేసే పిల్లల బొమ్మల పుస్తకాలను కూడా వైద్యునికి చూపండి. ఆ బాలుని రంగుపెన్సిళ్లపై వాళ్ల అక్క కాగితం చుట్టి రంగుల పేర్లు రాసిపెట్టింది.