ఉప్పునీళ్ళేగా అనుకోవద్దు

ఐసీయూలో వెంటిలేటర్ గొట్టానికి నర్సు చిన్న నెబ్యులైజర్ కప్పు తగిలిస్తుంది. అందులోని ద్రవం తెల్లటి ఆవిరిలా లేచి, యంత్రం ఇచ్చే ప్రతి ఊపిరితోనూ రోగి ఛాతీలోకి వెళ్తుంది. “ఏం మందు పెడుతున్నావమ్మా మా వాడికి?” అని తల్లి అడుగుతుంది. “ఉప్పునీళ్ళే పెద్దమ్మా” అంటే చాలు, ఆవిడ మనసు కుదుటపడుతుంది. ఉప్పునీళ్ళు ఏం చేస్తాయిలే అనుకుంటుంది.

ఆ ‘ఏం చేస్తాయిలే’ దగ్గరే మనం ఆగాలి.

మామూలు సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఊపిరితో పీల్పించే గాఢమైన సెలైన్‌లో 30 గ్రాములు, ఒక్కోసారి 70 గ్రాములు కూడా ఉంటుంది. సముద్రపు నీటిలోనే ఉప్పు 35 గ్రాములకు అటూ ఇటూ! ఆ గాఢత నీటిని లాగి జిగురు కఫాన్ని పలచన చేస్తుంది. ఊపిరితిత్తుల్లో జిగురు కఫం పేరుకుపోయే సిస్టిక్ ఫైబ్రోసిస్ జబ్బు ఉన్నవాళ్ళలో సముద్రంలో సర్ఫింగ్ చేసేవారికి ఊపిరి తేలిగ్గా ఆడుతోందని ఆస్ట్రేలియా వైద్యులు గమనించారు. దాంతో గాఢమైన సెలైన్‌ను 164 మందిపై 48 వారాలు పరీక్షించారు. జబ్బు తిరగబెట్టడం 56 శాతం తగ్గిందని 2006లో ప్రకటించారు.

ఐసీయూలో వెంటిలేటర్ దాకా తెచ్చే ఏఆర్‌డీఎస్ అనే తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు సంగతి వేరు. న్యుమోనియా వల్లో, రక్తంలో చేరిన ఇన్‌ఫెక్షన్ వల్లో, పెద్ద దెబ్బల వల్లో ఊపిరితిత్తులు వాచి గాలి గదుల్లో నీరు ఊరుతుంది. గాఢమైన ఉప్పునీరు తెల్లకణాల దూకుడు తగ్గిస్తుందని ప్రయోగశాలల్లో కనబడింది. ఏఆర్‌డీఎస్‌కూ పనికొస్తుందన్న ఆశంతా దాని మీదే. కానీ అదే నీరు శ్వాసనాళాలను బిగించనూ గలదు. అప్పటికే నీరు నిండిన ఊపిరితిత్తికి అది మేలో కీడో కూర్చుని ఊహిస్తే తేలదు.

సాల్బుటమాల్ మనకు నేర్పిన పాఠం ఇదే. ఉబ్బసం ఉన్న ఇళ్ళన్నిటికీ తెలిసిన మందు అది. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గిస్తుందని ఏఆర్‌డీఎస్ ఉన్న 40 మందిపై జరిగిన చిన్న పరీక్షలో తేలింది. తర్వాత బ్రిటన్‌లో 46 ఐసీయూల్లో రక్తనాళం ద్వారా ఎక్కించి చూశారు. 28 రోజుల్లో మందు అందినవారిలో 34 శాతం, అందనివారిలో 23 శాతం చనిపోయారు. 326 మంది దగ్గరే పరీక్ష ఆపేశారు. పరీక్షే జరగకపోయుంటే, మంచే చేస్తున్నామనుకుంటూ ఎంతమందికి ఎక్కించేవారో!

పైసా మందు లేని చికిత్సను నిలబెట్టింది కూడా ఇలాంటి పరీక్షే. తీవ్రమైన ఏఆర్‌డీఎస్ ఉన్న రోగిని రోజుకు కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెడితే మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయని 2013లో ఫ్రాన్స్ వైద్యుల బృందం చూపించింది. కరోనా రోజుల్లో “బోర్లా పడుకోబెట్టండి” అన్న మాట మన ఊళ్ళలో ఎవరికి తెలియదు?

అందుకే ఉప్పునీటినీ పెద్ద ఎత్తున, పద్ధతిగా పరీక్షించాలి. అందులో లాభం లేదు గనుక ఏ కంపెనీయో ముందుకొస్తుందని ఎదురుచూడక్కర్లేదు. ప్రభుత్వాలే డబ్బు పెట్టాలి.

‘ప్రయోగం’ అనగానే మనవాళ్ళు ఉలిక్కిపడతారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలపై హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగినప్పుడు, ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఐసీయూలో రోగికి స్పృహ ఉండదు. అర్ధరాత్రి కారిడార్‌లో సంతకం పెట్టేది కొడుకో, భార్యో, తల్లో. వాళ్ళ చేతికి కాగితం ఇచ్చే ముందు పక్కన కూర్చుని, తెలుగులో, తొందరపెట్టకుండా చెప్పాల్సిన నాలుగు మాటలున్నాయి:

“ఇది ఉప్పునీరేనమ్మా. కానీ మీ అబ్బాయికి మేలు చేస్తుందో లేదో మాకింకా తెలియదు. హాని కూడా జరగొచ్చు. అది తెలుసుకోవడానికే మీ సాయం అడుగుతున్నాం. మీరు వద్దన్నా మిగతా వైద్యంలో ఏ లోటూ రానివ్వం.”