పాటకూ ఓ చీటీ!

గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలు దొంతరలు దొంతరలుగా ఉంటాయి. చూడ్డానికి అన్నీ ఒకటే. అయినా నెలల తర్వాత రైతు వెళ్లి అడిగితే అతని సరుకు అతనికి వస్తుంది. కారణం మరేమీ లేదు... పేరు, లాటు నంబరు, రకం రాసిపెట్టి ఉండటమే. ఆ గుర్తు చెరిగిపోయిందనుకోండి. తేజానో, 334 రకమో కాయను చూసి చెప్పొచ్చు. ఎవరి చేనిదో మాత్రం కాయ చెప్పదు.

మన ఇళ్లలో పాటల సంగతీ అంతే. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, సీడీలు పోయి పెన్‌డ్రైవులొచ్చాయి. సెల్ షాపులో మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించుకున్న రోజులూ గడిచాయి. ఇన్ని చేతులు మారేసరికి పాట మిగిలింది, పేరు పోయింది. కంప్యూటర్ తెరిస్తే 'ట్రాక్ 01'లు పాతిక, 'న్యూ ఫోల్డర్'లు డజను!

'ఫోన్లో యాప్ ఉండగా ఈ అవస్థ ఎందుకు?' అంటారు పిల్లలు. సినిమా పాటల వరకు వాళ్ల మాట చాలావరకు నిజమే. కానీ తిరునాళ్లలో రాత్రంతా ఆడిన పద్యనాటకాన్ని తాతగారు టేపురికార్డరు పెట్టి పట్టారే, అది ఏ యాప్‌లో దొరుకుతుంది? పెళ్లిలో పెద్దమ్మ పాడిన అప్పగింతల పాట ఎవరి దగ్గరుంటుంది? అవి మీ దగ్గర తప్ప మరెక్కడా లేవు. సర్దుకోవాల్సింది ముందు వాటినే.

అసలు కిటుకు తెలిస్తే పని తేలిక. ఎంపీ3 పాటకు రెండు పేర్లుంటాయి. ఒకటి పైకి కనిపించే ఫైలు పేరు. రెండోది ఫైలు లోపల దాగి ఉండే చీటీ. దాన్నే ట్యాగ్ అంటారు. పచ్చడి జాడీ మూత మీద రాసిన పేరు మూత మారితే మారిపోతుంది. జాడీకి అంటించిన పేరు జాడీతోనే ఉంటుంది. ట్యాగ్ కూడా అలా ఫైలు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తుంది.

ఈ చీటీ పద్ధతిని 1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన మొదలుపెట్టారు. ఫైలు చివర 128 బైట్ల చోటు. అందులో పాటకు 30 అక్షరాలు, గాయకుడికి 30, ఆల్బమ్‌కు 30. అవీ ఇంగ్లిషు అక్షరాలే. పాట ఏ కోవకు చెందిందో చెప్పడానికి 80 రకాల పట్టిక ఇచ్చారు. అందులో బుర్రకథా లేదు, పద్యనాటకమూ లేదు. సున్నా నంబరు 'బ్లూస్'ది. అందుకే ఏమీ నింపకుండా వదిలేసిన ఫైళ్లు కొన్ని 'బ్లూస్' అని చూపిస్తుంటాయి. తాడికొండ దగ్గరి పొన్నెకల్లులో పుట్టి, బుర్రకథతో 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారి గొంతు కూడా ఆ లెక్కన బ్లూస్ కిందే పడుతుంది! 1998లో వచ్చిన రెండో తరం ట్యాగుతో ఈ చిక్కు తీరింది. ఇప్పుడు తెలుగులో, ఎంత పొడుగైనా, నిక్షేపంగా 'బుర్రకథ' అని రాసుకోవచ్చు.

రాసేటప్పుడే జాగ్రత్త కావాలి. రేపల్లె ప్రాంతంలోని పల్లపట్లలో పుట్టిన ఎస్.జానకి గారి పేరే తీసుకోండి. ఒక ఫైల్లో ఎస్ తర్వాత చుక్క ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. మరోచోట ఎస్ చివరికి పోతుంది. మనకు ఒక్క జానకమ్మే, కంప్యూటర్‌కు ముగ్గురు. ఇక వట్టి 'సత్యం' అని ఉంటే? 'మాయాబజార్'(1957)లో ఘటోత్కచుడి భోజనం పాట పాడిన మాధవపెద్ది సత్యం గారిది పొన్నూరు దగ్గరి బ్రాహ్మణకోడూరు. సంగీత దర్శకులు చెళ్లపిళ్ల సత్యం గారు వేరు. ఇంటిపేరు రాయకపోతే ఇద్దరూ ఒకే ఫోల్డర్లో సర్దుకోవాల్సిందే.

సంవత్సరమూ ముఖ్యమే. 'దేవదాసు' అంటే ఏ దేవదాసు? 1953లో అక్కినేని, 1974లో కృష్ణ, 2006లో రామ్. పేరొక్కటే రాస్తే సుబ్బరామన్, రమేష్ నాయుడు, చక్రి గార్ల పాటలు ముగ్గురివీ కలగాపులగం అవుతాయి. సినిమా పేరు పక్కన సంవత్సరం వేస్తే గొడవ లేదు.

వేల ఫైళ్లకు ఒక్కొక్కటే రాయాలా అని బెంగ అక్కర్లేదు. విండోస్ కంప్యూటర్‌కు 'ఎంపీ3ట్యాగ్' అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఒక సినిమా పాటలన్నీ ఎంచుకుని సినిమా పేరు, సంవత్సరం ఒక్కసారి కొడితే అన్నిటికీ పడిపోతాయి. ఫైలు పేరు సరిగ్గా ఉంటే దాన్నుంచి ట్యాగ్ నింపుతుంది. ట్యాగ్ సరిగ్గా ఉంటే దాన్నుంచి ఫైలు పేరు మారుస్తుంది. అయితే ముందుగా మొత్తం పాటల్ని వేరే డ్రైవులోకి కాపీ చేసుకోండి. మొదట పది పాటల మీద ప్రయత్నించి, ఫలితం చూశాకే మిగతావి ముట్టుకోండి. కారులో పాత ప్లేయర్ తెలుగు చదవలేక డబ్బాలు చూపిస్తే ఫైలు పేరు ఇంగ్లిషులో, ట్యాగ్ తెలుగులో పెట్టుకోవచ్చు.

'మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్' అని మరొకటుంది. ఇదీ ఉచితమే. పాట ధ్వనిని వేలిముద్రలా తీసి, ఇంటర్నెట్‌లోని జాబితాతో పోల్చి పేరు చెబుతుంది. కానీ ఎవరో ఒకరు ఆ జాబితాలోకి ఎక్కించిన పాటనే అది గుర్తుపడుతుంది. మీ తాతగారి టేపు దానికి కొత్త. ఆ కృష్ణుడి వేషం ఎవరిదో, హార్మోనియం ఎవరిదో, అది ఏ ఊరి నాటకమో యంత్రం చెప్పలేదు.

చెప్పగలిగినవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. రాగం ఎత్తుకోగానే 'వీడు ఫలానా వాళ్లబ్బాయి కదూ!' అనే నాయనమ్మలు, తాతయ్యలు. వాళ్ల చెవుల్లో ఉన్న జాబితాకు కాపీ లేదు. ఈ ఆదివారం మధ్యాహ్నం ఓ గంట వాళ్ల పక్కన కూర్చుని ఆ పాటలు వినిపించండి. చెప్పింది చెప్పినట్టు ట్యాగులోని 'కామెంట్' గడిలో రాయండి. ఎవరు పాడారు, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో, ఎవరు గుర్తుపట్టారు. తెలియని గడిని ఖాళీగానే ఉంచండి. ఊహించి రాసిన పేరు రేపు మీ పిల్లలకు నిజమైపోతుంది. ఖాళీ గడైతే, ఎప్పుడో ఒకప్పుడు తెలిసినవాళ్లు వచ్చి నింపుతారు.