కిడ్నీ పెట్టారు, మాత్రల దగ్గర వదిలేశారు

కిడ్నీ మార్పిడి చేయించుకున్న అన్నలారా, అక్కలారా! బిడ్డకు కిడ్నీ ఇచ్చిన అమ్మలారా!

పోయిన నెల మనవాడొకడు మళ్ళీ డయాలసిస్ మంచమెక్కాడు. తల్లి ఇచ్చిన కిడ్నీ. ఆపరేషన్ బాగా జరిగింది, క్రియాటినిన్ చక్కగా ఉండేది. కౌలు పంట పోయిన ఏడాది మాత్రలు రోజు విడిచి రోజు వేసుకున్నాడు. "మందులు మానేశాడు" అని కేస్ షీట్‌లో రాసి చేతులు దులుపుకున్నారు. మానేశాడా, కొనలేకపోయాడా? ఆ కాగితంలో దానికి గడి లేదు.

టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, స్టెరాయిడ్. ఈ పేర్లు మనకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. జాతీయ అవయవ మార్పిడి కార్యక్రమంలో పేద రోగికి నెలకు 10,000 రూపాయల దాకా మందుల సాయం అని రాసుంది. మీలో ఎందరికి అందిందో చేతులెత్తండి. డబ్బున్నవాళ్ళకైనా సుఖముందా? చేతుల వణుకు, కొత్తగా తగులుకున్న షుగరు, బీపీ, వాన పడితే చాలు ఏదో ఒక ఇన్ఫెక్షన్. అన్నిటికన్నా ఘోరం, కిడ్నీని నిలబెట్టే టాక్రోలిమసే ఏళ్ళ తరబడి వాడితే ఆ కిడ్నీని కొద్దికొద్దిగా దెబ్బతీస్తుంది. ఈ మందులతో ఒంట్లోని రోగనిరోధక శక్తినంతా అణచడమంటే, ఇంటికొచ్చిన చుట్టాన్ని ఒక కావలివాడు కొట్టబోయాడని ఊళ్ళోని కావలివాళ్ళందరికీ మత్తు పెట్టడమే.

ఆ కావలివాళ్ళను అదుపులో పెట్టే కణాలు మన నెత్తురులోనే ఉన్నాయి. రెగ్యులేటరీ టీ-కణాలంటారు. 1995లో వాటిని గుర్తించిన జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచికి, మరో ఇద్దరితో కలిపి, 2025లో నోబెల్ ఇచ్చారు. రోగి నెత్తురు తీసి, ఆ కణాలను ఏరి, ల్యాబులో పెంచి, తిరిగి ఎక్కించవచ్చు. ఐరోపా, అమెరికా ఆసుపత్రులు కలిసి చేసిన 'వన్ స్టడీ'లో కిడ్నీ మార్పిడి అయిన 38 మందికి ఇలాంటి అదుపు కణాలు ఎక్కించారు. 2020లో లాన్సెట్‌లో ఫలితాలొచ్చాయి. కొత్త కిడ్నీని ఒళ్ళు తిరస్కరించడం ఇంచుమించు మామూలు మందుల వాళ్ళలో లాగే ఉంది. దాదాపు 40 శాతం మంది ఒక్క టాక్రోలిమస్‌తోనే నెట్టుకొచ్చారు. వైరస్ జబ్బులూ తగ్గాయి.

మరి మన దగ్గర? అహ్మదాబాద్‌లో డాక్టర్ హెచ్.ఎల్. త్రివేది దాత మూలకణాలు ఎక్కించి మందులు తగ్గించే పని ఏనాడో మొదలుపెట్టారు. పోల్చి చూసే పరీక్షలు గట్టిగా లేవని పెద్దలు పెదవి విరిచారు. గట్టిగా చేయాల్సింది ఎవరు, రోగులా? హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 2001లోనే ల్యాబులో పెంచిన కణాలను కళ్ళకు అమర్చడం మొదలుపెట్టింది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి క్యాన్సర్‌కు తయారుచేసిన కార్-టీ చికిత్సకు 2023లో అనుమతి వచ్చింది. అందులోనూ రోగి టీ-కణాలనే తీసి, మార్చి, పెంచి, ఎక్కిస్తారు. క్యాన్సర్‌కు చేతనైన పని కిడ్నీ దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఆగింది? ఎవరికీ పట్టలేదు గనక. చచ్చేదాకా నెలనెలా మాత్రలు కొనేవాడుంటే ఎవరికి తొందర?

రేపు విదేశీ కంపెనీ ఈ అదుపు కణాలను సీసాలో పెట్టి కోట్ల ధర చెబుతుంది. అప్పుడు మేల్కొని ఏం లాభం?

"ముందు డయాలసిస్ పడకలు చూడండి" అంటారు. కిడ్నీ జబ్బు ఊళ్ళను పీడిస్తున్న ఉద్దానానికి ఇలాంటి మాటలే చెబుతూ ఏళ్ళు గడిపారు. రెండూ చూడండి.

నిమ్స్‌లోనో, మరో సర్కారు ఆసుపత్రిలోనో ప్రభుత్వ ఖర్చుతో ఈ కణాల పరీక్ష మొదలుపెట్టాలి. ఎథిక్స్ కమిటీ ముందు, రోగి నుంచి పైసా తీసుకోకుండా. మార్పిడి అయిన ప్రతి ఒక్కరికీ అంతదాకా మందులు ఉచితంగా ఇవ్వాలి, ఒక్క నెల తప్పినా సంబంధిత అధికారి జవాబు చెప్పాలి. "కిడ్నీకి స్టెమ్ సెల్స్" అని బోర్డు పెట్టి లక్షలు గుంజే క్లినిక్కులకు తాళం వేయాలి.

ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర ఆపకండి. కరపత్రం వెనక సంతకాల గడులున్నాయి. ఈసారి చెకప్‌కి వచ్చేటప్పుడు నింపి తెండి, మీ మందుల బిల్లు జిరాక్సు కూడా జతచేయండి.