తుంటి పక్క నొప్పిని సూదితో అణచకండి

కోరుట్లలో బీడీల చాట ఒడిలో పెట్టుకుని పొద్దంతా నేలమీద కూర్చునే అక్కలకు ఈ మాట. సిరిసిల్లలో మరమగ్గాల సాంచెల నడుమ నిలబడి నిలబడి కాళ్లు లాగే అన్నలకు, జగిత్యాల పల్లెల్లో నాట్లకూ పసుపు తవ్వకానికీ వంగే అవ్వలకు కూడా. తుంటి పక్కన నొప్పి మొదలై వారాలు గడిచినా తగ్గలేదంటే దాన్ని నడుము నొప్పి ఖాతాలో వేయకండి. వాతమని, వయసని తోసేయకండి. అట్లాంటి నొప్పి ఉన్న కొందరికి లోపల, కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువు చినుగుతూ ఉంటుంది. స్నాయువు చినిగాక దాన్ని పట్టుకున్న కండ పాడవడం మొదలవుతుంది. నొప్పి ఎంతో కొంత తగ్గుతుంది గానీ, పోయిన కండ తిరిగి రావడం కష్టం. మా భయమంతా దాని గురించే.

తుంటి పక్కన అరచెయ్యి పెట్టి చూడండి. గట్టిగా ఒక ఎముక తగులుతుంది. తొడ ఎముక పై భాగం అది. పిర్ర లోపల, పక్కగా ఉండే రెండు కండలు వచ్చి అక్కడే అతుక్కుంటాయి. వైద్యులు వాటిని గ్లూటియస్ మీడియస్, గ్లూటియస్ మినిమస్ అంటారు. మనం ఒక కాలు ఎత్తి ఇంకో కాలిమీద నిలబడ్డ ప్రతిసారీ నడుము ఒక పక్కకు ఒరగకుండా ఆపేవి ఇవే. నడకంటేనే ఒంటి కాలిమీద నిలబడుతూ పోవడం కదా. అడుగు పడినప్పుడల్లా తుంటి కీలుమీద ఒంటి బరువుకు రెండింతలకు పైగా భారం పడుతుంది. మరి ఈ కండల పేరు మనలో ఎంతమంది విన్నాం? గుండె గురించి తెలుసు, మోకాలి చిప్ప గురించి తెలుసు. వీటిని తలుచుకునేవాళ్లే లేరు.

స్నాయువు తెగాలంటే కింద పడాలని, దెబ్బ తగలాలని అనుకోకండి. ఎక్కువమందికి ఏ దెబ్బా ఉండదు. ఏళ్ల తరబడి ఎముక మీద నొక్కుకుని, రాపిడికి గురై పోగు పోగుగా చినుగుతుంది. నలభై దాటిన ఆడవాళ్లలో, ముట్లు ఆగిపోయినవాళ్లలో ఇది ఎక్కువ. బరువు పెరిగితే ఇంకా ఎక్కువ. ఎక్స్‌రే తీస్తే స్నాయువు కనపడదు. నడుముకు ఎమ్మారై తీస్తే వెన్నుపూసల దగ్గర వయసుతో వచ్చే అరుగుదల ఏదో ఒకటి కనిపిస్తుంది, నేరం దానిమీద పడుతుంది. అసలు చినుగు పక్కనే ఉన్నా ఎవరి కంటా పడదు.

ఇక కండ సంగతి. సిరిసిల్లవాళ్లకు చెప్పనక్కర్లేదు, సాంచె బెల్టు తెగితే మోటారు తిరుగుతున్నా బట్ట పడదు. స్నాయువు ఆ బెల్టు, కండ ఆ మోటారు. తేడా ఒక్కటే. మోటారును కొన్నాళ్లు ఊరికే వదిలేసినా మళ్లీ మీట నొక్కితే తిరుగుతుంది. కండ అట్లా కాదు. లాగడానికి పట్టు లేక మొదట సన్నబడుతుంది. తర్వాత కండ పోగుల మధ్య కొవ్వు చేరుతుంది. ఎమ్మారైలో అది తెల్లటి చారలుగా మొదలై, ముదిరితే కండకంటే కొవ్వే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ దశ దాటాక ఆపరేషన్ చేసి స్నాయువును ఎముకకు తిరిగి కుట్టినా ఆ కొవ్వు మళ్లీ కండగా మారడం అరుదు. నొప్పి తగ్గొచ్చు, బలం మాత్రం అనుకున్నంత రాదు. తొందరపడమని మిమ్మల్ని బతిమాలేది ఇందుకే.

ఇంకో వింత మార్పు కూడా జరుగుతుంది. పిర్ర కండలు చేతులెత్తేస్తే తుంటికి ముందుపక్క ఉండే టెన్సర్ ఫాసియా లాటా అనే చిన్న కండ ఆ పని నెత్తినేసుకుంటుంది. అధిక పనితో అది లావెక్కుతుంది. 2013లో స్విట్జర్లాండ్ వైద్యులు రెండు పక్కల ఎమ్మారై చిత్రాలు పోల్చి చూస్తే, స్నాయువు తెగిన పక్క ఈ కండ పెద్దదై ఉంది. కొందరిలో అది పైకి ఉబ్బుగా కనపడి గడ్డేమోనన్న భయం పుడుతుంది. అట్లా ఉబ్బు కనపడితే భయపడి దాచుకోకండి, కండే అయి ఉంటుందని మీకు మీరే తేల్చుకోకండి కూడా. చూపించండి.

గుర్తులు చెప్తాం, గమనించండి. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకుంటే నొప్పికి మెలకువ వస్తుందా? మెట్లెక్కుతుంటే, ఆటోలోకి కాలు ఎత్తి పెడుతుంటే తుంటి పక్క సలుపుతుందా? చాట ముందునుంచి లేచాక మొదటి నాలుగైదు అడుగులు కుంటుతూ పడుతున్నాయా? గోడ పట్టుకుని నొప్పి ఉన్న కాలిమీదే అర నిమిషం నిలబడి చూడండి. ఆలోపే తుంటి పక్కన నొప్పి లేస్తే అది మామూలు నడుము నొప్పి కాకపోవచ్చు. ఇంట్లో ఇంకొకరిని వెనకనుంచి నడక చూడమనండి. నొప్పి ఉన్న కాలిమీద బరువు పడ్డప్పుడు రెండో పక్క నడుము కిందికి జారుతుంటే, లేదా ఒళ్లంతా నొప్పి పక్కకే ఊగుతుంటే కండ ఇప్పటికే బలహీనపడుతోందని అర్థం. జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లోనే ఈ గుర్తును రాసిపెట్టాడు. దీన్ని కనిపెట్టడానికి మిషన్ అక్కర్లేదు, కన్ను చాలు. అయినా మన ఇళ్లలో ‘అమ్మ నడక మారింది’ అని గమనించేసరికి ఏడాది దాటిపోతుంది.

ఊళ్లో సూది వేయించుకుని మళ్లీ పనికి పోయేవాళ్ల మీద మాకు కోపం లేదు. బీడీల లెక్క తగ్గితే కూలి తగ్గుతుందని, సాంచె ఆగితే పూట గడవదని మాకు తెలుసు. కానీ సూదితో వచ్చే హాయి మోసం చేస్తుంది. ఆ సూదిలో స్టెరాయిడ్ మందు ఉంటే అది నొప్పి నోరు కొన్ని వారాలు మూయిస్తుంది, చినిగినదాన్ని అతికించదు. నొప్పి లేదని మీరు బరువులెత్తుతారు, చినుగు పెరుగుతుంది. అదే చోట మళ్లీ మళ్లీ వేయిస్తే స్నాయువే బలహీనపడే ప్రమాదం ఉంది. రోజూ మింగే నొప్పి గోలీలు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఏ మందు వేశారో చీటీ లేని సూది మాత్రం దయచేసి వేయించుకోకండి.

మరి దారేంటి? ఆపరేషన్ అన్న మాట వినగానే బెదరకండి. తొలిదశలో చాలామందికి అది అవసరమే పడదు. ఆస్ట్రేలియాలో ఈ స్నాయువులు దెబ్బతిన్న 204 మందిని మూడు గుంపులు చేసి చూశారు, ఫలితాలు 2018లో వచ్చాయి. సూది వేయించుకున్న గుంపుకంటే, ఎట్లా కూర్చోవాలో ఎట్లా నిలబడాలో నేర్చుకుని వ్యాయామం చేసిన గుంపే ఏడాది తర్వాత తమ తుంటి బాగుపడిందని ఎక్కువగా చెప్పింది. ఆ గుంపులో నలుగురిలో ముగ్గురికి పైగా మేలు కనిపించింది. వ్యాయామానికి ఓపికే ఎక్కువ కావాలి.

ఇవాళే మొదలుపెట్టగలిగినవి కొన్ని ఉన్నాయి. పక్కకు పడుకుంటే రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. ఒక తుంటిమీద బరువేసి వాలి నిలబడకండి, సాంచె దగ్గర ముఖ్యంగా. కాలుమీద కాలేసుకుని కూర్చోకండి. నేలమీద గంటల తరబడి ఒకే భంగిమలో ఉండకుండా మధ్యమధ్య లేచి పది అడుగులు వేయండి, వీలైతే కాస్త ఎత్తు పీట మీద కూర్చోండి. కాలిని అడ్డంగా లాగి సాగదీసే వ్యాయామాలు ఫోన్‌లో చూసి చేయకండి. స్నాయువును అవి ఎముకకేసి ఇంకా నొక్కుతాయి. పసరు కట్టి గట్టిగా తొక్కించుకోవడమూ వద్దు.

అరవై దాటినవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. తుంటిని నిలబెట్టే కండ లేకపోతే కాలు తడబడుతుంది. బాత్రూం గడప దగ్గర, తడి గచ్చుమీద పడతారు. 1997లో ఇంగ్లండులో తుంటి ఎముక విరిగిన 50 మందికి ఆపరేషన్ చేస్తూ చూస్తే 11 మందిలో ఈ స్నాయువు చినిగి ఉంది. పడ్డాక కాలు కదపలేకపోతే, నొప్పితో పాటు జ్వరం ఉంటే, బరువు ఉన్నట్టుండి తగ్గుతుంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు. నొప్పి పక్కన కాకుండా గజ్జల్లో ఉంటే కీలే పాడవుతుండొచ్చు. అది వేరే జబ్బు, దానికీ ఆలస్యం పనికిరాదు.

ఒకప్పుడు ఇవన్నీ చూపించుకోవాలంటే కరీంనగరో హైదరాబాదో పోవాల్సి వచ్చేది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. అక్కడైనా, ఇంకెక్కడైనా ఎముకల డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ‘నడుము నొప్పి’ అని ఊరుకోకండి. నొప్పి ఉన్నచోట వేలు పెట్టి చూపించండి. ఎన్ని నెలలైందో, రాత్రి ఏ పక్కకు పడుకోలేకపోతున్నారో చెప్పండి. ఆయన ముందు నాలుగు అడుగులు నడిచి చూపించండి. తుంటికి అల్ట్రాసౌండో ఎమ్మారైనో అవసరమా అని అడగండి. ఇప్పటిదాకా వేయించుకున్న సూదుల చీటీలు, మింగిన గోలీల అట్టలు సంచిలో వేసుకుని వెళ్లండి.