ఆయమ్మ పేరు ఏ జాబితాలో?

2021లో ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. టీకా శిబిరం పెడుతున్నాం, మీ పేరూ మీ కుటుంబ సభ్యుల పేర్లూ పంపండి అని. భార్య పేరు, అమ్మానాన్నల పేర్లు రాసి పంపేశారు. మరి పాపను ఎత్తుకుని తిరిగే ఆయమ్మ పేరు? ఆమె ఉండేది మీ ఇంట్లోనే, రాత్రి పడుకునేది పాప పక్కనే. అయినా కుటుంబం కింద రాయడానికి వీల్లేకపోయింది. ఉద్యోగి కింద అసలే వీల్లేకపోయింది.

దాదాపు 100 మంది అర్హులున్న కార్యాలయాల్లో అక్కడికక్కడే టీకా వేయొచ్చని కేంద్రం 2021 ఏప్రిల్‌లో అనుమతించింది. మే నెలలో ఉద్యోగుల కుటుంబ సభ్యులకూ అవకాశమిచ్చింది. సంతోషమే. కానీ 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో మొదలైన వరుస వృద్ధుల మీదుగా, 45 దాటినవారి మీదుగా మే 1కి గానీ 18 దాటినవారి దగ్గరికి రాలేదు. ఇళ్లలో ఉండి పిల్లల్ని చూసుకునే అమ్మాయిలు చాలామంది ఈ చివరి వరుసలోనే ఉండిపోయారు.

ఐదేళ్లలోపు పిల్లల తల్లులకు ముందుగా టీకా వేయాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 జూన్‌లో నిర్ణయించింది. బిడ్డకు జబ్బు చేస్తే పక్కన ఉండాల్సింది తల్లే కదా అన్నది దాని లెక్క. సరైన లెక్కే. అమ్మా నాన్నా ఇద్దరూ ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చున్న తొమ్మిది గంటలూ ఆ బిడ్డ ఎవరి చంకలో ఉంటోందో కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంకా బాగుండేది.

ఆ తర్వాత జాబితా కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేకపోయింది. 2021 జూన్ 21 నుంచి 18 దాటిన అందరికీ ప్రభుత్వ కేంద్రాల్లో టీకా ఉచితంగా వేశారు. స్లాటు లేకపోయినా నేరుగా వెళ్లి నమోదు చేయించుకునే వీలుండేది. ప్రైవేటులో అయితే కొవిషీల్డ్‌కు 780, కొవాగ్జిన్‌కు 1,410 రూపాయల దాకా అప్పట్లో అయ్యేది. టీకా ఖర్చు ఎప్పుడైనా మీరే పెట్టుకోండి, జీతంలో కోయకండి. పేరు మాత్రం ఆమె సొంత ఫోన్ నంబరు మీదే ఎక్కించాలి. రేపు ఆమె ఇంకో ఇంటికి మారితే సర్టిఫికెట్ కోసం, ఓటీపీ కోసం మీ చుట్టూ తిరిగే పని ఉండకూడదు. (ఆమె ఆధార్ కార్డు మీ బీరువాలో ఉంటే ముందు అది ఆమె చేతికివ్వండి.) 2021 మధ్యలో కొవిషీల్డ్ రెండో డోసు 12 నుంచి 16 వారాలకు వేసేవారు. ఆలోగా ఆమె ఊరెళ్లిపోయినా ఫర్వాలేకపోయేది, అదే టీకా దొరికే కేంద్రం ఎక్కడైనా సరిపోయేది.

అసలు పేచీ సూది వేయించుకున్న మర్నాడు. జ్వరం, ఒళ్లు నొప్పులు, చేయి లాగేయడం. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. మీకైతే ఆఫీసు సెలవిచ్చింది. ఆమెకు మాత్రం 'ఒక పారాసెటమాల్ వేసుకో, ఏం కాదులే' అని పదకొండు కిలోల పిల్లాణ్ని చేతికిచ్చేస్తాం! ఆ రెండు రోజులూ జీతంతో సెలవివ్వాలి. శనివారం వేయిస్తే ఆదివారం ఎలాగూ మీరు ఇంట్లోనే ఉంటారు. ఆ తర్వాత 20 రోజుల్లోపు ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, తలనొప్పి ఎంతకీ తగ్గకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

సూది వేయించుకున్న మనిషి ఎత్తుకుంటే బిడ్డకు వైరస్ అంటుకుంటుందా అని అప్పట్లో కొందరు భయపడ్డారు. అంటుకోదు. కొవాగ్జిన్‌లో ఉన్నది చంపేసిన వైరస్. కొవిషీల్డ్‌లో వాడేది కరోనా వైరసే కాదు, వేరే వైరస్, అదీ ఒంట్లో పెరగలేనిది.

అలాగని టీకా పడగానే మాస్కు తీసేయడం 2021లో కుదిరేది కాదు. రెండో డోసు వేసుకున్నాక రెండు వారాలకు గానీ పూర్తి రక్షణ రాదు. వచ్చాక కూడా మన నుంచి ఇంకొకరికి సోకే అవకాశం కొంత ఉంటుంది. 2021లో ఐదేళ్లలోపు పిల్లలకు టీకా లేదు, మాస్కూ పెట్టొద్దన్నారు. కాబట్టి జాగ్రత్త పెద్దవాళ్లదే. పెద్దవాళ్లంటే ఆయమ్మ ఒక్కతే కాదు. ఆమె సెలవు రోజున బయటికెళ్లొస్తే అనుమానంగా చూస్తాం. మనం మాత్రం ఫంక్షన్‌కెళ్లొచ్చి చేతులైనా కడక్కుండా పాపను ముద్దు చేస్తాం. చాలా ఇళ్లలో రోజూ బయట తిరిగొచ్చేది మనమే, ఇంటిపట్టున ఉండేది ఆమే. వైరస్ ఎటు నుంచి ఎటు వస్తుందో మీరే చెప్పండి.

ఆమెకు పాజిటివ్ వస్తే సంచి సర్దిచ్చి బస్సెక్కించేయడం ఘోరం. ఆ బస్సులో వాళ్లకూ ఆ ఊళ్లో వాళ్లకూ ప్రమాదమే. విడిగా ఒక గది, మందులు, భోజనం, ఆ రోజులకు జీతం ఇవ్వాలి. గది లేకపోతే విడిగా ఉండే చోటు చూపించే పూచీ మీదే.

ఈ పనిలో కొత్తగా చేరుతున్న అమ్మాయిలకూ ఒక మాట. జీతం మాట్లాడుకునే రోజునే మొహమాటపడకుండా రెండు సంగతులు అడగండి: టీకాకు సెలవిస్తారా? నాకు జబ్బు చేస్తే ఎక్కడుండాలి? మీ టీకా సర్టిఫికెట్ చూపించమన్న ఇంటివాళ్లను వాళ్లవీ చూపించమనండి.