నీటి పంపు అతుకు: శిక్షణలో చోటు దక్కని పాఠం

ట్రాక్టర్లలో టైమింగు పనిని సాధారణంగా గేర్లే నిర్వహిస్తాయి గనుక వ్యవసాయ యంత్ర శిక్షణలో బెల్టుకు ప్రాధాన్యం తక్కువ. పంటను మార్కెట్టుకు చేర్చే వాహనాల సంగతి వేరు. వాటిలో కొన్నింటికి టైమింగు బెల్టే నీటి పంపును కూడా తిప్పుతుంది. బెల్టుతోపాటు పంపునూ మార్చడం సబబే. మరోసారి అంతా విప్పే ఖర్చు తప్పుతుంది. కానీ అతుకు వద్ద చూపే అశ్రద్ధ ఆ పొదుపును మింగేస్తుంది. కారిన కూలెంటు బెల్టు రబ్బరును చెడగొడుతుంది. బెల్టు తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి.

లీకు ఆగాలంటే సిలికోన్ పేస్టు దండిగా పూయాలన్నది మెకానిక్ షెడ్లలో పాతుకుపోయిన నమ్మకం. చెరుపు చేసేది ఆ దండితనమే. బోల్టులు బిగించగానే అదనపు పేస్టు లోపలికి పొంగి, గట్టిపడ్డాక తునిగి, రేడియేటరు సన్నని గొట్టాల్లోనో థర్మోస్టాట్‌లోనో చిక్కుకుంటుంది. ఓ-రింగు ఉన్న అతుకుకు తయారీదారు చెప్పనిదే పేస్టు పూయనక్కర లేదు. అవసరమైన చోటనైనా పాత ప్యాకింగు తొలగించి, నూనె మరక లేకుండా తుడిచి, సన్నని గీతగా పూస్తే చాలు. అల్యూమినియం ముఖాన్ని ఉక్కు చాకుతో గీకితే పడే గీతలే కొత్త లీకుకు దారి. పేస్టు ఆరకముందే కూలెంటు నింపి బండి అప్పగించే తొందర మరో దోషం.

బెల్టు మార్పును బోధించేటప్పుడు టైమింగు గుర్తులు కలపడంతోనే పాఠం ముగించడం సరికాదు. శిక్షణార్థి చేతనే పంపును బిగింపజేసి, తిరిగి విప్పించి, పేస్టు లోపలికి ఎంత పొంగిందో కళ్లారా చూపించాలి. ఇందుకు ప్రయోగశాల అక్కర్లేదు. తీసి పారేసిన పంపు, దానికి సరిపోయే పాత ఇంజను బ్లాకు, ఒక పేస్టు ట్యూబు ఉంటే సరిపోతుంది.